జీతం చీటీలో దాగిన కాన్పు ఖర్చు

(పూర్వ విద్యార్థిని, ఎం.ఎ. సోషియాలజీ)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడమ్ గారు అడిగినప్పుడు ముందు "పోటీ పరీక్షలకు ఎలా చదవాలి" అని రాద్దామనుకున్నాను. ప్రతి ఏడూ ఎవరో ఒకరు అదే రాస్తున్నారు కాబట్టి మానుకున్నాను. ఈసారి కాన్పు ఖర్చు గురించి రాస్తున్నాను. హాస్టల్ పిల్లలకు ఇదేం పాఠం అని కొందరు అనుకోవచ్చు. కానీ మనలో చాలామందికి పెళ్ళయిన అక్కో, వదినో ఉంటుంది. ఇంటికి ఇంగ్లీషు కాగితం వస్తే చదవమని మన చేతికే ఇస్తారు. ఆ కాగితం మనకు అర్థం కాకపోతే ఇంట్లో ఇంకెవరికీ అర్థం కాదు. అందుకే ఈ పాఠం.

మాది పాలమూరు వైపు ఒక ఊరు. అమ్మ, నాయిన అడ్డా కూలీలుగా పట్నం వచ్చారు. రాయదుర్గంలో బండలు పగలగొట్టి అద్దాల మేడలు కడుతున్న రోజుల్లో వాళ్ళు అక్కడ ఇసుక మోశారు. మా అక్క ఏడో తరగతితో చదువు ఆపేసింది. నేను ఈ హాస్టల్‌లో ఉండి చదువుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. అక్క 2023 జూన్‌లో రాయదుర్గం మెట్రో స్టేషన్‌కు దగ్గరలో ఒక పెద్ద బిల్డింగ్‌లో హౌస్‌కీపింగ్ పనిలో చేరింది. బావ ఆటో నడుపుతాడు. నేను గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలో చదువుతూ ఆదివారాలు వాళ్ళ గదికి వెళ్ళేదాన్ని.

2024 జనవరిలో అక్కకు నెల తప్పిన సంగతి తెలిసింది. ఇంటి పక్కనే ఉన్న ఒక ప్రైవేటు నర్సింగ్ హోంకు వెళ్ళారు. స్కానింగులు, రక్త పరీక్షలు, టానిక్కులు అంటూ మూడుసార్లు వెళ్ళేసరికి పదకొండు వేలు అయ్యాయి. మామూలు కాన్పు అయితే నలభై వేలు, ఆపరేషన్ అయితే డెబ్బై వేల దాకా సిద్ధం చేసుకోండని చెప్పారట. బావ నూటికి మూడు రూపాయల వడ్డీకి మాట్లాడి పెట్టుకున్నాడు. నేను వెళ్ళేసరికి ఆయన ముఖం చూడలేకపోయాను.

ఇల్లు అంటుకున్నాక బావి

ముందు మాకు తోచింది బీమా కొనడం. బావ ఆటో ఎక్కిన ఒక ఏజెంటు "ఈ పాలసీ తీసుకోండి, కాన్పు కూడా కవర్ అవుతుంది" అన్నాడట. ప్రీమియం పద్నాలుగు వేల చిల్లర. డబ్బు ఇచ్చే ముందు కాగితం నాకు చూపించమన్నాను. ఇరవై పేజీల తర్వాత చిన్న అక్షరాల్లో ఉంది: ప్రసూతి ఖర్చుకు ఇరవై నాలుగు నెలల వెయిటింగ్ పీరియడ్. అంటే ఈ రోజు డబ్బు కడితే రెండేళ్ళ తర్వాత జరిగే కాన్పుకే ఆ బీమా పనికొస్తుంది. ఏజెంటు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు.

ఇది ఆ ఒక్క పాలసీలో ఉన్న లోపం కాదు. వ్యక్తిగత ఆరోగ్య బీమాల్లో ప్రసూతికి వెయిటింగ్ పీరియడ్ కనీసం తొమ్మిది నెలలు, చాలావాటిలో రెండు నుంచి నాలుగేళ్ళు ఉంటుంది. ఎందుకంటే బీమా అనేది జరుగుతుందో జరగదో తెలియని దాని కోసం పదిమందీ కలిసి వేసుకునే చీటీ. కడుపుతో ఉన్నమ్మ కనక మానదు కదా! జరిగి తీరే ఖర్చు కోసం అప్పటికప్పుడు చేరతానంటే ఏ కంపెనీ చేర్చుకోదు. కాబట్టి గర్భం వచ్చాక మార్కెట్లో బీమా వెతకడం ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడమే. ఆ పద్నాలుగు వేలు మిగిలాయి.

అక్క తుడిచే అంతస్తుల్లోనే కూర్చుని పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సంగతి వేరు. వాళ్ళకు కంపెనీ గ్రూప్ బీమా ఉంటుంది. అందులో సాధారణంగా చేరిన రోజు నుంచే, ఒక పరిమితి వరకు ప్రసూతి ఖర్చు ఇస్తారు. అదే అంతస్తులో తుడిచే మనిషి కంపెనీ ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు మనిషి. కాబట్టి ఆ బీమాలో ఆమె పేరు ఉండదు.

మన జిల్లాల నుంచి అమెరికా వెళ్ళినవాళ్ళు ఉన్నారు కాబట్టి అక్కడి మాట కూడా ఒకటి చెబుతాను. అక్కడ 2014కు ముందు సొంతంగా బీమా కొనబోయిన గర్భిణిని "ముందే ఉన్న జబ్బు" కింద లెక్కగట్టి కంపెనీలు తిప్పి పంపగలిగేవి. ఆ ఏడాది నుంచి చట్టం దాన్ని ఆపింది. పేదల కోసం 1965లో పెట్టిన మెడికెయిడ్ అనే ప్రభుత్వ పథకం ఇప్పుడు ఆ దేశంలో సుమారు పది కాన్పుల్లో నాలుగింటి ఖర్చు భరిస్తోంది. అంత డబ్బున్న దేశంలో కూడా కాన్పును బజారుకు వదిలేస్తే కుదరలేదు.

తొంభై ఎనిమిది రూపాయలు

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ ఆదివారం నేను అక్కను జీతం చీటీ అడిగాను.

"చీటీ ఏడిది చెల్లె, ఫోన్‌ల ఫొటో పంపుతడు సూపర్‌వైజర్" అంది.

ఆ ఫొటో పెద్దది చేసి చూశాం. జీతం 13,000. కటింగుల్లో పీఎఫ్ కింద ఇంకో వరుస. ఈఎస్ఐ: 98.

"గిదేంది బావా?" అంటే, "క్యాంటీన్ చాయ్ పైసలు గావచ్చు అనుకున్నం" అన్నాడు బావ.

ఆ 98 రూపాయలే మా అక్క కాన్పు ఖర్చు. ఎలాగో లెక్క చూడండి. ఉద్యోగుల రాజ్య బీమా, అంటే ఈఎస్ఐ, పది మంది లేక అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. నెల జీతం పరిమితి 2017 జనవరి 1 నుంచి 21,000 రూపాయలు. 2019 జూలై నుంచి కార్మికుడి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 13,000 మీద 0.75 శాతం అంటే 97 రూపాయల 50 పైసలు. పై రూపాయికి సరిచేస్తే 98. యజమాని వేయాల్సింది 423. ఈ రెండూ ప్రతి నెలా అక్క పేరు మీద జమ కావాలి. ఎనిమిది నెలలుగా అక్క ఒక బీమాకు డబ్బు కడుతూ, నాకు బీమా లేదని ఏడుస్తోంది.

ఈఎస్ఐలో రెండు వేర్వేరు మేళ్ళు ఉన్నాయి. మనవాళ్ళు ఇక్కడే తికమక పడతారు.

మొదటిది వైద్యం. ఉద్యోగంలో చేరిన రోజు నుంచే ఈ హక్కు వస్తుంది. పరీక్షలు, మందులు, కాన్పు, ఆపరేషన్ అన్నీ ఉచితం. ఇది కార్మికురాలికే కాదు, కార్మికుడి భార్యకూ ఉంటుంది. ఈ మాట కింద గీత గీసుకోండి. భర్త సెక్యూరిటీ గార్డో, ఏదైనా సంస్థలో జీతానికి ఉన్న డ్రైవరో అయి, అతని జీతంలో ఈఎస్ఐ కటింగ్ ఉంటే, ఇంట్లో ఉన్న భార్య కాన్పు కూడా ఈఎస్ఐ ఆసుపత్రిలో జరుగుతుంది. కాకపోతే భార్య పేరు, ఆధార్ అతని వివరాల్లో కుటుంబ సభ్యురాలిగా ఎక్కించి ఉండాలి. పెళ్ళి కాకముందు ఉద్యోగంలో చేరినవాళ్ళు ఇది తప్పకుండా మరిచిపోతారు.

రెండోది నగదు. ఇది పనిచేసే స్త్రీకి మాత్రమే. సెలవులో ఉన్న 26 వారాలకు సగటు రోజు జీతం పూర్తిగా ఇస్తారు. ఇందులో ప్రసవానికి ముందు ఎనిమిది వారాలకు మించి వాడుకోకూడదు. బతికున్న పిల్లలు ఇద్దరు అప్పటికే ఉంటే 12 వారాలే. గర్భస్రావం అయితే ఆరు వారాలు. అక్క జీతాన్ని నెలకు ముప్పై రోజులుగా భాగిస్తే రోజుకు 433 రూపాయలు. 26 వారాలంటే 182 రోజులు. గుణించండి: 78,806. నేను ఈ లెక్కను రెండుసార్లు చేశాను, తప్పు చేశానేమోనని.

కానీ నగదుకు ఒక షరతు ఉంది, అది తేదీల మీద నడుస్తుంది. ఈఎస్ఐ వాళ్ళకు సంవత్సరం రెండు ముక్కలు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ ఒక చందా కాలం, అక్టోబర్ నుంచి మార్చి ఇంకో చందా కాలం. మొదటి దాని ఫలం వచ్చే జనవరి నుంచి జూన్ దాకా, రెండో దాని ఫలం జూలై నుంచి డిసెంబర్ దాకా అందుతుంది. కాన్పు ఏ ఫలకాలంలో పడుతుందో చూసుకుని, దానికి సంబంధించిన చందా కాలం, దాని ముందుది, రెండింటిలో కలిపి 70 రోజులకు చందా ఉండాలి. మా అక్కకు డాక్టరు ఇచ్చిన తేదీ 2024 ఆగస్టు. అంటే 2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా లెక్క. జూన్‌లో చేరింది కాబట్టి 70 రోజులు ఎప్పుడో దాటాయి.

కొత్తగా చేరినవాళ్ళకు ఇంకో మెలిక ఉంది. మొదటిసారి ఈఎస్ఐలోకి వచ్చినవాళ్ళకు, చేరిన రోజు నుంచి తొమ్మిది నెలలు గడిచాకే మొదటి ఫలకాలం మొదలవుతుంది. ఆ తొమ్మిది నెలలు ఎవరు లెక్కపెట్టి పెట్టారో గానీ, గర్భం వచ్చాక తొలిసారి ఉద్యోగంలో చేరిన అమ్మాయికి నగదు అందడం కష్టమే. వైద్యం మాత్రం మొదటి రోజు నుంచే ఉంది కదా, దాన్ని వదులుకోవద్దు.

సూపర్‌వైజర్ ఫోన్‌లో అక్క నంబరు

హక్కు ఉంది సరే, కార్డు ఏది? ప్రతి కార్మికుడికీ ఒక బీమా నంబరు ఉంటుంది. అక్కకూ ఉందట, కానీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. కాంట్రాక్టరు మనుషులను చేర్చేటప్పుడు అందరి ఫోన్ నంబర్ల గడిలో ఆ సూపర్‌వైజర్ నంబరే వేశారు. వచ్చిన మెసేజీలన్నీ అతని ఫోన్‌కు పోయాయి. అక్క పేరులో అక్షరాలు కూడా ఆధార్‌తో కలవలేదు.

మూడు శనివారాలు కాంట్రాక్టరు ఆఫీసు చుట్టూ తిరిగాం. "రేపు రండి" అన్నారు. ఐదో నెలలో సూపర్‌వైజర్ కొత్త మాట చెప్పాడు: "ఇప్పుడు పని మానెయ్యి, కాన్పయినంక కొత్తగా చేర్చుకుంటం." మంచిగానే చెప్పాడు. రాజీనామా కాగితం కూడా తనే రాయించి తెచ్చాడు. అక్క వేలిముద్ర వేయబోయింది. (సంతకం వచ్చినా భయానికి వేలిముద్ర వేస్తానంటుంది మా అక్క.) ఆ రోజు నేను పక్కన లేకపోతే ఏమయ్యేదో.

గర్భిణులైన చెల్లెళ్ళకు, అక్కలకు ముఖ్యంగా చెప్పేది ఇదే. తెలియని కాగితం మీద సంతకం చేయవద్దు. ప్రసూతి సెలవులో ఉన్న కార్మికురాలిని తొలగించడం చట్టవిరుద్ధం. అలాగే కాంట్రాక్టరు మనిషి అయినా చందాకు మొదటి బాధ్యత అసలు యజమానిది, అంటే ఎవరి ఆవరణలో పని జరుగుతోందో ఆ సంస్థది. కాంట్రాక్టరు దగ్గర తర్వాత వసూలు చేసుకోవడం వాళ్ళ తలనొప్పి. ఇది లైబ్రరీలో చట్టం పుస్తకం చూసి తెలుసుకున్నాను. ఒక పేజీ ఉత్తరం రాశాను. బీమా నంబరు ఇవ్వండి, పేరు, ఫోన్ నంబరు సరిచేయండి అని మాత్రమే అడిగాను, కోపంగా ఒక్క మాట కూడా రాయలేదు. ఒక ప్రతి కాంట్రాక్టరుకు, ఒక ప్రతి బిల్డింగ్ మేనేజ్‌మెంటుకు ఇచ్చి, ఇచ్చినట్టు స్టాంపు వేయించుకున్నాం. నాలుగో రోజు నంబరు వచ్చింది.

ఎక్కడా పని కాకపోతే ఈఎస్ఐ కార్పొరేషన్ ఉచిత ఫోన్ 1800-11-2526. మందులు, పరీక్షల కోసం డిస్పెన్సరీకి వెళ్ళాలి, నగదు కోసం బ్రాంచి ఆఫీసుకు. ఒకచోట అడగాల్సింది ఇంకోచోట అడిగి వెనక్కి వచ్చేవాళ్ళు చాలామంది. మేమూ ఒకసారి అలాగే వచ్చాం.

సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి రాయదుర్గం నుంచి దారి తేలిక. మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగి, మియాపూర్ వైపు రైలు మారితే రెండో స్టేషన్. దాని పేరే ఈఎస్ఐ హాస్పిటల్. అక్కకు చివర్లో బీపీ పెరిగి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆగస్టులో పాప పుట్టింది. ఆసుపత్రి బిల్లు లేదు. మాకు అయిన ఖర్చు ఆటోలకు, టిఫిన్లకు. నగదు మాత్రం ఆలస్యంగా వచ్చింది. బ్యాంకు ఖాతాలో అక్క ఇంటిపేరు పుట్టింటిది, ఆధార్‌లో అత్తింటిది. అది మా తప్పే. మీరు ముందే చూసుకోండి.

గోడ మీది ఫొటో

మన స్టడీ హాల్‌లో అంబేద్కర్ గారి ఫొటో ఉంది. రాజ్యాంగం రాశారని అందరికీ తెలుసు. 1928లో బొంబాయి శాసనమండలిలో కార్మిక స్త్రీలకు ప్రసూతి ప్రయోజనం ఇచ్చే బిల్లు వచ్చినప్పుడు ఆయన లేచి సమర్థించారని నాకు ఎం.ఎ.లో చేరాకగానీ తెలియలేదు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలనీ, ఆ భారంలో ప్రభుత్వం కూడా పాలు పంచుకోవాలనీ ఆయన వాదించారు. 1929లో అది చట్టమయింది. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన కాలంలోనే, 1944లో, ప్రొఫెసర్ అదార్కర్ కార్మికుల ఆరోగ్య బీమా మీద నివేదిక ఇచ్చారు. 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్‌లో నెహ్రూ గారు పథకాన్ని ప్రారంభించారు.

ఈఎస్ఐ పరిధిలోకి రానివాళ్ళకు, ఉదాహరణకు 21,000 దాటిన జీతం ఉన్న బీపీఓ ఉద్యోగినికి, 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ఉండేది. గత పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే యజమానే జీతంతో సెలవు ఇవ్వాలి. 2017 ఏప్రిల్ నుంచి అది 26 వారాలయింది. మస్టర్ రోల్ మీద దినకూలీగా ఉన్న స్త్రీలకూ ఇది వర్తిస్తుందని ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ కేసులో 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి ఈ రెండు చట్టాలూ సామాజిక భద్రతా కోడ్‌లో కలిశాయి. 80 రోజుల షరతు, 26 వారాల సెలవు అందులోనూ ఉన్నాయి.

ఏ చీటీ లేనివాళ్ళు

ఇళ్ళలో పాచిపని చేసేవాళ్ళు, రోడ్డు పక్కన పండ్లు అమ్మేవాళ్ళు, ఆటో నడిపేవాళ్ళ భార్యలు, అపార్ట్‌మెంట్లు కట్టే కూలీలు - రాయదుర్గంలో వీళ్ళే ఎక్కువ. వీళ్ళకు జీతం చీటీ లేదు. వీళ్ళకు బీమా అంటే సర్కారు దవాఖానే.

2011 జూన్ 1న మొదలైన జనని శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చిన ప్రతి గర్భిణికీ కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం, రానుపోను బండి ఉచితం. మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్‌కు ఏడు రోజులు భోజనం పెట్టాలి. ఏ కార్డూ అడగకూడదు. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కూలీ భార్యకైనా ఇదే హక్కు. మన వైపు దగ్గరలో కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. కేసు కష్టమైతే పేట్లబుర్జు, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రులు, గాంధీ, నీలోఫర్ ఉన్నాయి. నీలోఫర్ వెనుక ఒక కథ ఉంది. నిజాం కోడలు నీలోఫర్ దగ్గర పనిచేసే పరిచారిక రఫత్ 1949లో కాన్పులో చనిపోయింది. ఇంకో రఫత్ ఇలా పోకూడదని ఆమె పట్టుబట్టడంతో 1953లో ఆ ఆసుపత్రి వెలిసింది.

ముందు చేయాల్సింది బస్తీ దవాఖానాకో, అర్బన్ హెల్త్ సెంటర్‌కో వెళ్ళి మూడో నెల లోపే పేరు రాయించుకోవడం. అక్కడ తల్లీబిడ్డల కార్డు ఇస్తారు. ప్రతి పరీక్షా అందులో రాయించుకోవాలి. అర్ధరాత్రి ఏ డాక్టరు ముందుకు వెళ్ళినా ఆ కార్డే మాట్లాడుతుంది. ప్రతి నెల 9వ తేదీన నాలుగో నెల దాటిన గర్భిణులను ప్రభుత్వ ఆసుపత్రుల్లో డాక్టర్లు ప్రత్యేకంగా చూస్తారు, 2016 నుంచి ఈ ఏర్పాటు ఉంది. అంగన్‌వాడీలో 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద ఒక పూట భోజనం, గుడ్డు, 200 మి.లీ. పాలు ఇస్తున్నారు. నొప్పులు వస్తే 108.

ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కదా, ప్రైవేటులో కాన్పు చేయించుకోవచ్చు అనుకునేవాళ్ళు చాలామంది. 2007లో ఆ పథకం పెద్ద జబ్బుల కోసం మొదలయింది. ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను అడిగి, అవునంటేనే చేరండి. అలాగే 2017 జూన్‌లో తెచ్చిన కిట్ పథకంలో ప్రభుత్వ ఆసుపత్రి కాన్పుకు మగబిడ్డ పుడితే 12,000, ఆడబిడ్డ పుడితే 13,000 విడతలుగా ఇస్తామన్నారు. ఆ డబ్బు ఇప్పుడు పడుతోందో లేదో ఆశా కార్యకర్తను కనుక్కోండి. దాన్ని నమ్ముకుని అప్పు మాత్రం చేయవద్దు.

భవన నిర్మాణ కూలీలకు ఇంకొకటి ఉంది. ఏడాదిలో 90 రోజులు పనిచేసిన, 18 నుంచి 60 ఏళ్ళ లోపువాళ్ళు కార్మిక శాఖ సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. నమోదైన స్త్రీకి రెండు కాన్పుల వరకు 30,000 రూపాయల ప్రసూతి సాయం ఉంది. మా అమ్మ పదిహేనేళ్ళు ఇసుక మోసింది. ఈ కార్డు సంగతి ఆమెకు ఒక్కరూ చెప్పలేదు.

నా దగ్గర మేము రాసిన ఉత్తరం ప్రతి, క్లెయిమ్ ఫారం ప్రతి ఉన్నాయి. రెండింటినీ జిరాక్స్ తీయించి వార్డెన్ మేడమ్ గారి దగ్గర ఉంచాను. సెలవులకు ఇంటికి వెళ్ళేవాళ్ళు ఒక్కొక్కటి తీసుకెళ్ళండి. అయ్యాక చెబితే మళ్ళీ తీయించి పంపుతాను.